పొగ వాసనకు మెలకువ రాదు

2013 డిసెంబరు 28. బెంగళూరు నుంచి నాందేడ్ పోయే ఎక్స్‌ప్రెస్ హిందూపురం దాటింది, పెనుకొండ దాటింది, పుట్టపర్తి కూడా దాటింది. ధర్మవరం మాత్రం చేరలేదు. తెల్లవారుజామున మూడు దాటాక కొత్తచెరువు దగ్గర బీ-1 ఏసీ బోగీ అంటుకుంది. 26 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కాలిపోయారని మనం చెప్పుకున్నాం గానీ, చాలామందిని ముందు పట్టుకున్నది పొగ. చలికాలపు రాత్రి, తెరుచుకోని అద్దాలు, దుప్పటి ముసుగులో నిద్ర. అంతకు ఏడాదిన్నర ముందు, 2012 మే 22న, ఇదే దారిలో పెనుకొండ స్టేషన్ దగ్గర హంపి ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దినప్పుడు కూడా ఒక బోగీ అంటుకుంది. అదీ తెల్లవారుజామే. మా వైపు ముసలివాళ్లు ఇప్పటికీ ఆ రెండు రాత్రులనూ కలిపి ఒకటిగా చెబుతుంటారు.

ఇప్పుడు ఏసీ బోగీల్లో పొగను పసిగట్టే పరికరాలు ఉన్నాయి. పొగ తగిలితే గంట మోగుతుంది, బ్రేకు పడుతుంది. 2023 ఆగస్టు 9న తిరుపతి-సికింద్రాబాద్ వందేభారత్‌లో టికెట్ లేకుండా ఎక్కిన ఒకాయన మరుగుదొడ్లో దూరి సిగరెట్ ముట్టించాడు. గూడూరు దాటాక, మనుబోలు దగ్గర రైలు నిలిచిపోయింది. ఆ వార్త చదివి అందరితో పాటు నేనూ నవ్వాను. కాసేపయ్యాక తట్టింది: రైల్లో మరుగుదొడ్డికి ఉన్న కాపలా, ధర్మవరంలో మేం పడుకునే గదికి లేదు.

ఇంటికి పొగ గంట అవసరమా, అవసరమైతే ఏది, ఎక్కడ, మన ఇళ్లకు అది సరిపడుతుందా అన్న ప్రశ్నలతో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పరికరాల పెట్టెల మీద అచ్చేసిన సలహాలన్నీ చెక్క ఇళ్లకూ, కార్పెట్లకూ, పోపు పెట్టని వంటిళ్లకూ రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు మన సీలింగుకు బిగిస్తే వారం తిరక్కుండానే దింపేస్తాం. దింపేసిన గంటకూ కొనని గంటకూ తేడా లేదు.

ముందు చావు లెక్క. జాతీయ నేర గణాంక సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో అగ్నిప్రమాదాల్లో 7,435 మంది చనిపోయారు. వీటిలో సగానికి పైగా చావులు ఫ్యాక్టరీల్లో కాదు, సినిమా హాళ్లలో కాదు, ఇళ్లలో. అయినా అగ్నిప్రమాదం అనగానే మనకు గుర్తొచ్చేది గోడౌనూ, గడ్డివామూ, బాణసంచా కొట్టూ. 2025 మే 18 ఆదివారం పొద్దున హైదరాబాద్ చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది చిన్నపిల్లలు. కింద దుకాణం, పైన కాపురం, బయటికి రావడానికి సందులాంటి ఒకే దారి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంటే, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు. గుల్జార్ హౌజ్‌లోనూ, ఆ లాడ్జిలోనూ మంట ఒకచోట ఉంది, చావు ఇంకోచోట జరిగింది. రెంటినీ కలిపింది మెట్ల దారి. కింద పుట్టిన పొగకు మెట్లు పొగగొట్టంలా పనిచేశాయి. హిందూపురం బజారు వీధుల్లో తలెత్తి చూడండి. కింద కిరాణా, బట్టలు, ప్లాస్టిక్ సామాను, పైన కాపురం, మధ్యలో రెండున్నర అడుగుల మెట్లు. గుల్జార్ హౌజ్ మనకు దూరమేమీ కాదు.

నిద్రలో ముక్కు కాపలా కాయదు. పొగ వాసన వస్తే లేస్తాంలే అని చాలామంది ధీమా. నిద్రపోతున్న మెదడు చప్పుడుకు లేస్తుంది గానీ వాసనకు దాదాపు లేవదని పరీక్షించి మరీ తేల్చారు. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రను ఇంకా ముదరబెడుతుంది. పరుపుల్లోని ఫోము, సోఫా, ప్లాస్టిక్ కుర్చీలు, పాలిస్టర్ తెరలు వచ్చాక మంట పెరిగే వేగం కూడా మారింది. యాభై ఏళ్ల కిందట ఇల్లంటుకుంటే బయటపడటానికి పదిహేడు నిమిషాల దాకా ఉండేదని, ఇప్పటి సామాన్లతో అది మూడు నిమిషాలకు దిగిందని అమెరికాలో ఇళ్లను నిజంగా తగలబెట్టి చూసిన పరిశోధకులు చెబుతున్నారు. మనవి సిమెంటు గోడలు, అంటుకోవులే అంటారు. గోడలు అంటుకోవు, నిజమే. గోడల మధ్య పెట్టుకున్నవి అంటుకుంటాయి. సిమెంటు గది ఆ పొగను పొందిగ్గా దాచిపెడుతుంది కూడా.

ధర్మవరం వాళ్లకు పొగ గురించి వేరే ఊరివాడు చెప్పాల్సిన పని లేదనుకోండి. పట్టు అసలుదా నకిలీదా అని చూడ్డానికి పోగు కొస అంటించి వాసన చూడటం ఇక్కడ పిల్లలకూ తెలుసు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు. ముద్దగా కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. ఆ వెంట్రుక వాసనలో ఇంకో సంగతి ఉంది. పట్టు, ఉన్ని, వెంట్రుక అన్నీ మాంసకృత్తులే. వాటిలో నత్రజని ఉంటుంది. గాలి చాలకుండా రాజుకున్నప్పుడు వాటినుంచి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. ఫోము పరుపు నుంచీ అదే పుడుతుంది. పట్టు భగ్గున మండదు, నిప్పు తీస్తే ఆరిపోయే గుణం కూడా దానికుంది. కానీ నేసిన చీరలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు, పాలిస్టర్ జరీ కండెలు ఒకే బీరువాలోనో అటకమీదో ఉన్న ఇంట్లో ఆ రాజుడు గంటల తరబడి పొగ కక్కుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఏ రకం పరికరం కొనాలో తేల్చేది ఇదే.

అంతకుముందు గవాచి మాట. పెనుకొండ పాత ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో మిగిలిన మట్టి మిద్దెలకు పైకప్పులో ఒక కంత ఉంటుంది. వెలుతురు రావాలన్నా, పొయ్యి పొగ పోవాలన్నా అదే దారి. వాన వస్తే పైకెక్కి బండ మూసేవాళ్లు. వేడి పొగ పైకి పోతుందన్న సూత్రాన్ని పుస్తకం చదవకుండానే ఇంట్లో కట్టుకున్నారు మా పెద్దలు. స్లాబు వచ్చాక గవాచి పోయింది. తర్వాత ఏసీ వచ్చి కిటికీ కూడా మూసింది. కియా ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ, ఎర్రమంచి చుట్టూ లేచిన అద్దె ఇళ్లు చూస్తే, గది గదికీ ఏసీకి పాయింటు ఉంది. పొగ పోవడానికి పాయింటు ఎక్కడా లేదు. పొగ పోయే దారి మూసినవాడు, పొగ వచ్చిందని చెప్పే సాధనమైనా పెట్టాలి గదా.

ఆ సాధనం పుట్టుకే సిగరెట్టుతో ముడిపడింది. 1930ల్లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే ఆయన విషవాయువును పసిగట్టే యంత్రం చేయబోయాడు. విషవాయువు తగిలితే ముల్లు కదల్లేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగించుకుంటే, ఆ పొగకు కదిలింది. ముప్పై ఏళ్ల తర్వాత అమెరికాలో డ్యువేన్ పియర్సల్ కంపెనీలో స్థిరవిద్యుత్తును తొలగించే యంత్రం మీద పని చేస్తుంటే, పక్కనున్నవాడి సిగరెట్ పొగకు మీటరు తడబడింది. అందులోంచి 1965లో బ్యాటరీతో నడిచే ఇంటి పొగ గంట పుట్టింది. మన మనుబోలు పెద్దమనిషి ఆ వరసలో మూడోవాడు, ఆయన కనిపెట్టింది మాత్రం ఏమీ లేదు.

అప్పటి రకం లోపల అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అణుమాత్రం ఉంటుంది. అది గాలిని విద్యుదావేశంతో నింపుతుంది, పొగ చొరబడితే ఆ ప్రవాహం తగ్గి గంట మోగుతుంది. మనదేశంలో ఈ రకం అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ కిందికి వస్తుంది. ఇది భగ్గుమనే మంటను చప్పున పట్టుకుంటుంది గానీ, రాజుకునే పొగను ఆలస్యంగా పట్టుకుంటుంది. పోపు పొగకూ ఊరికే ఉలిక్కిపడుతుంది. రెండో రకం కాంతితో పనిచేస్తుంది. చీకటి గదిలో కిటికీ సందులోంచి పడ్డ ఎండలో దుమ్ము మెరవడం చూసే ఉంటారు. అదే లోపల జరుగుతుంది. చిన్న దీపపు వెలుగు పొగ రేణువులకు తగిలి పక్కకు చెదరగానే గంట. రాజుకునే పరుపు, కరిగే వైరు తొడుగు, బీరువాలో కుమిలే బట్ట, వీటిని ఇది ముందుగా పడుతుంది. మన ఇళ్లకు ఈ రెండో రకమే. ఇందులో నాకు సందేహం లేదు. బజార్లోనూ ఎక్కువగా దొరికేది ఇదే, పెట్టె మీద 'ఫోటోఎలక్ట్రిక్' అనో 'ఆప్టికల్' అనో ఉంటుంది.

ఇక బిగించడం. నా అనుభవం చెబుతాను, నవ్వుకోండి. మొదటి దాన్ని తెచ్చిన రోజు వంటింటి గుమ్మం పైన పెట్టించాను. పొయ్యి ఉన్నది అక్కడే కదా, నిప్పు పుట్టేది అక్కడే కదా అని నా తెలివి. మర్నాడు అమ్మ చింతపండు పులుసుకు తిరగవాత పెట్టింది. ఎండుమిరపకాయలు నూనెలో పడ్డాయి. అంతే, గంట అందుకుంది. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. అమ్మ చీపురుకట్టతో దాన్ని రెండు పీకి, "ఏంరా నాయనా, ఈ ఇంట్లో ఇది ఉండాల్నా, నేనుండాల్నా?" అంది. శనివారం దేవుని గూట్లో సాంబ్రాణి వేసినప్పుడు మళ్లీ మోగింది. ఆదివారానికల్లా బ్యాటరీ టీవీ రిమోట్ల పెట్టెలో ఉంది.

తప్పు అమ్మది కాదు, తిరగవాతదీ కాదు. పొగ గంటను వంటింట్లో పెట్టకూడదు. పొయ్యికి కనీసం మూడు మీటర్ల దూరం, స్నానాల గది తలుపుకు ఒక మీటరు దూరం ఉండాలి. ఆవిరిని కూడా పొగే అనుకుంటుందది. దాని అసలు చోటు పడక గది, ఆ గది బయట నడవ లేదా పడసాల, మేడ ఉంటే మెట్ల పైకొస. సీలింగు మధ్యలో పెడితే మేలంటాయి పుస్తకాలు. మన సీలింగు మధ్యలో ఫ్యాను ఉంటుంది. ఫ్యాను గాలి పొగను చెదరగొట్టి గంటదాకా రానీయదు. ఫ్యాను రెక్కల అంచు నుంచి మీటరు పక్కకు జరపాలి. అదీ కుదరకపోతే గోడ మీద, సీలింగుకు జానెడు కింద. గోడా సీలింగూ కలిసే మూలలో మాత్రం వద్దు, అక్కడ గాలి నిలవుండిపోయి పొగ చేరదు. పెనుకొండ మిద్దె ఇంట్లోనైతే దూలానికీ దూలానికీ మధ్య గూడులా ఉన్నచోట పొగ ముందు నిండుతుంది, లోతైన దూలాలున్నప్పుడు పైన ఆ గూట్లోనే ఉండాలి. మా ఇంట్లో రెండోసారి బిగించిన కుర్రాడు "ఫ్యాను పక్కనే వైరు ఉందన్నా, ఆడే పెట్టేద్దాం" అన్నాడు. వైరు ఉన్నచోట పెట్టడం ఎలక్ట్రీషియన్‌కు సుఖం, ఇంటికి కాదు. బ్యాటరీ రకానికి వైరే అక్కర్లేదు, రెండు మేకులు చాలు.

దేవుని గది సంగతి ఒక్క మాట. అగరుబత్తి, కర్పూరం, సాంబ్రాణి పొగకు ఏ పరికరమూ మినహాయింపు ఇవ్వదు. చాలావాటికి కాసేపు నోరు మూయించే మీట ఉంటుంది. అది ఉన్నదే కొనండి. లేకపోతే మా అమ్మ చీపురే గతి.

ఇప్పుడు మగ్గం ఇల్లు. ధర్మవరంలో పని వేరు, కాపురం వేరు అని గోడ కట్టి చెప్పలేం. ముందు గదిలో గుంట మగ్గమో మరమగ్గమో, దాని పక్కనే మంచం, మూలన వంట. మగ్గం గదిలో పట్టు నూగు, ధూళి ఎగురుతూనే ఉంటాయి. కాంతితో పనిచేసే పరికరానికి దుమ్మూ పొగా ఒకటే. నెల తిరిగేసరికి ఊరికే అరుస్తుంది, లేదా మూసుకుపోయి అసలే అరవదు. రెండోది ఎక్కువ ప్రమాదం. మగ్గం మీద వేడిని పసిగట్టే రకం, పడుకునే చోట పొగను పసిగట్టే రకం, ఇది నా సూచన. పొగ గంటను నెలకోసారి మెత్తటి కుంచెతో దులపాలి.

వేడి రకంలోనూ మెలిక ఉంది. మామూలుగా దొరికేవి 57 డిగ్రీలకు మోగుతాయి. ధర్మవరంలో మే నెలలో బయటే 42 దాటుతుంది. రేకుల కప్పు కింద, మధ్యాహ్నం రెండింటికి, చెయ్యెత్తితే కాలేంత వేడి. అక్కడ 57 డిగ్రీల పరికరం పెడితే ఎండకే మోగుతుంది. మామూలు రోజుల్లో కప్పు కింద చేరే గరిష్ఠ వేడికన్నా కనీసం పది పన్నెండు డిగ్రీలు ఎక్కువకు మోగేలా ఉండాలన్నది లెక్క. రేకుల ఇంటికి ఎక్కువ డిగ్రీల రకం అడిగి తీసుకోవాలి. లేదా వేడి పెరిగే వేగాన్ని చూసే రకం: నిమిషానికి ఏడెనిమిది డిగ్రీలు ఎగబాకితేనే అది మోగుతుంది. ఎండ ఎంత ముదిరినా అంత వేగంగా ఎక్కదు, మంట ఎక్కుతుంది. అయితే వేడి రకం ఎప్పుడూ ఆలస్యంగానే చెబుతుంది. మనిషి ప్రాణానికి దాన్ని నమ్ముకోకూడదు. సరుకును కాపాడటానికి పనికొస్తుంది.

ఇంకో చిక్కు ఎవరూ మాట్లాడనిది, చెవులది. ఈ గంటలు పదడుగుల దూరంలో 85 డెసిబెళ్లు మోగుతాయి, ఎక్కువగా మూడు వేల హెర్ట్జ్ దగ్గరి కీచు స్వరంతో. మరమగ్గం నడుస్తుంటే ఆ మోతలో ఇది కలిసిపోతుంది. మగ్గాలు ఆగిన రాత్రివేళైనా వినిపిస్తుందా అంటే, ఏళ్లకేళ్లు ఆ చప్పుడులో బతికినవాళ్ల చెవికి ముందుగా పోయేది సరిగ్గా ఆ కీచు స్వరాలే. మామూలు మాట వినిపిస్తుంది, గంట వినిపించదు. ముసలివాళ్ల సంగతీ అంతే. చిన్నపిల్లలు గాఢనిద్రలో కీచు స్వరానికి సరిగా లేవరు. 520 హెర్ట్జ్ బొంగురు గొంతుతో మోగే రకాలు దీనికోసమే విదేశాల్లో తయారయ్యాయి. మన దగ్గర సులువుగా దొరకడం లేదు. దొరికేదాకా, గంట వింటే లేవగలిగిన మనిషి ఎవరో ఇంట్లో ముందే తేల్చుకుని, ఆ మనిషి పడుకునేచోటికి దగ్గరగా పెట్టడమే మార్గం.

హిందూపురం దుకాణపు ఇళ్లకు ఒక్క గంట సరిపోదు. కింద మోగితే పైన నిద్రపోయేవాళ్లకు వినపడదు. ఒకటి మోగితే అన్నీ మోగేలా తీగ లేకుండా కలిసే రకాలున్నాయి. ఖరీదు ఎక్కువే, ఇక్కడ మాత్రం ఆ ఖర్చు దండగ కాదు. ఒకటి దుకాణంలో, ఒకటి మెట్ల పైన, ఒకటి పడక దగ్గర. బెల్లం, చింతపండు, మిర్చి నిల్వ ఉండే కొట్లలో దుమ్ము లెక్క మళ్లీ చూసుకోవాలి. మెట్ల కింద ఎలక్ట్రిక్ స్కూటరుకు రాత్రంతా ఛార్జింగ్ పెట్టే అలవాటు ఈమధ్య ఈ మూడు ఊళ్లలోనూ కనిపిస్తోంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను బిగించింది. పాత బండ్లు పాతవే. ఉన్న ఒక్క దారిలో బ్యాటరీ పెట్టి, పైకెళ్లి పడుకోవడం కన్నా అజాగ్రత్త నాకు కనిపించదు.

గ్యాసు కథ పూర్తిగా వేరు. పొగ గంట గ్యాసును పసిగట్టదు. ఈ రెంటినీ ఒకటే అనుకుని కొన్నవాళ్లు నాకు తెలుసు. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలమీద నీళ్లలా పాకి, బండ కిందా గడప దగ్గరా నిలుస్తుంది. కాబట్టి గ్యాసు పరికరం నేలకు అడుగు ఎత్తులో, సిలిండరుకు మూడు నాలుగడుగుల దూరంలో ఉండాలి. చాలామంది దాన్నీ సీలింగు కిందే బిగిస్తారు. అక్కడికి గ్యాసు చేరేసరికి వంటిల్లంతా నిండి ఉంటుంది. గాలిలో గ్యాసు రెండు శాతం దగ్గరపడితే చాలు నిప్పురవ్వకు అంటుకుంటుంది, పరికరం అందులో పదోవంతుకో ఐదోవంతుకో మోగాలి. దీని సెన్సారు నాలుగైదేళ్లకు అలిసిపోతుంది. స్పిరిటు, సెంటు, ఫినాయిలు వాసనకు కూడా మోగొచ్చు. మోగినప్పుడు లైటు వేయకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు, రెగ్యులేటరు కట్టి తలుపులు తీసి బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. అసలు కారకుండా ఆపేది నారింజ రంగు సురక్ష గొట్టం. ఐదేళ్లకోసారి దాన్ని మార్చేవాళ్లు ఎందరు? మా ఇంట్లో తేదీ చూస్తే ఏడో ఏడు నడుస్తోంది.

బాత్రూంలో గ్యాసు గీజరు ఉన్నవాళ్లకు, చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకునేవాళ్లకు మూడో శత్రువు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. దానికి వేరే పరికరం ఉంది. అన్నిటికన్నా చౌక మార్గం గీజరును బాత్రూం బయటికి మార్చడం.

చట్టం ఏమంటుందని చూస్తే, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. 1999 నాటి అగ్నిమాపక చట్టం కింద మన రాష్ట్రంలో నివాస భవనానికి అగ్నిమాపక శాఖ అనుమతి కావాలంటే దాని ఎత్తు 18 మీటర్లు దాటాలి. ఈ మూడు ఊళ్లలో అపార్టుమెంట్లు సాధారణంగా ఆ గీత దాటవు. మిగతా ఇళ్లు దాని దరిదాపుల్లోకే రావు. బిగించే పద్ధతికి ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం ఉంది, అది ఎక్కువగా హోటళ్లకూ ఆఫీసులకూ పెట్టే పెద్ద వ్యవస్థల భాష మాట్లాడుతుంది. మామూలు ఇంటివాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అదే జపాన్‌లో 2006 నుంచి కొత్త ఇళ్లకు, 2011 నుంచి అన్ని ఇళ్లకు ఇది తప్పనిసరి. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లో కలిసి మోగే గంటలుండాలి. దక్షిణ కొరియాలో 2017 ఫిబ్రవరి నుంచి పాత విడి ఇళ్లకు కూడా ఒక మంటలార్పే సిలిండరూ, ఒక పొగ గంటా ఉండాల్సిందే. ఆ కొరియా నుంచి వచ్చిన ఇంజనీర్లు పెనుకొండ దగ్గర కార్లు చేస్తున్నారు, మన ఇళ్లలో అద్దెకుంటున్నారు. వాళ్ల ఊళ్లో చట్టం అడిగేదాన్ని ఇక్కడ ఇంటి ఓనరు అడక్కుండానే పెడితే ఏం పోయింది? నెల అద్దెలో ఇది ఎన్నోవంతు?

అమెరికా అనుభవం యాభై ఏళ్లది కాబట్టి దాన్ని కొంత నమ్మొచ్చు. అక్కడ ఇళ్లలో మంటల చావులు 1980తో పోలిస్తే దాదాపు సగమయ్యాయి. అదంతా గంటల పుణ్యమే అనడం అతిశయోక్తి, సిగరెట్లు తగ్గడం కూడా కారణమే. అయినా ఒక లెక్క గట్టిగా నిలబడుతుంది: పనిచేసే గంట ఉన్న ఇంట్లో మంట పుడితే, చావు అవకాశం లేని ఇంటికన్నా సగానికి పైగా తక్కువ. ఆ 'పనిచేసే' అన్న మాటలోనే ఉందంతా. అక్కడ కూడా గంట గోడకు వేలాడుతూ లోపల బ్యాటరీ లేని ఇళ్లలో చావులు జరుగుతూనే ఉన్నాయి. మా అమ్మ ఒక్కతే కాదన్నమాట.

కొనేటప్పుడు పెట్టె మీద ఈఎన్ 14604 గానీ, యూఎల్ 217 గానీ ఉందో లేదో చూడండి. రెండు మూడొందలకు అంగట్లో దొరికేవాటి మీద అవి ఉండవు; ఉన్నా నమ్మలేం. నమ్మదగ్గది వెయ్యి నుంచి రెండున్నర వేల లోపు వస్తుంది. ఒక మామూలు ధర్మవరం పట్టుచీర ధరలో ఇల్లంతా కప్పొచ్చు. కరెంటుతో మాత్రమే నడిచేది మనకు పనికిరాదు. కరెంటు పోయినప్పుడే దీపాలూ కొవ్వొత్తులూ వెలిగేది. ఫోనుకు సందేశం పంపే వైఫై రకాలను ఎగబడి అమ్ముతున్నారు. ఊళ్లో లేని కొడుకుకు బెంగళూరులో సందేశం వెళ్లి లాభమేమిటి? లేవాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లు. అలాంటి హంగులు చివర చూసుకోవచ్చు. పదేళ్ల బ్యాటరీ లోపలే సీలు చేసి ఉన్నది మేలు, దాన్ని రిమోటుకు పీక్కోలేం. ఏ రకమైనా తయారీ తేదీ నుంచి పదేళ్లకు మార్చాల్సిందే. నెలకోసారి మీట నొక్కి మోగించాలి. మధ్యమధ్య ఒక్కసారి 'కిచ్' మంటుంటే అది బల్లి కాదు, బ్యాటరీ అయిపోతోందని.

చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ఏది ముందు? నా వరస ఇది. మొదట కరెంటు బోర్డు: తీగ చుట్టిన పాత ఫ్యూజులు తీసేసి ఎంసీబీలు, వాటితో పాటు ఆర్‌సీసీబీ. ఏసీకి, గీజరుకు విడి లైను. మంట పుట్టకుండా చూసేది ఇదే. తర్వాత పడక దగ్గర ఒక పొగ గంట. ఆ తర్వాత గ్యాసు పరికరం. మిగతావన్నీ వెనక. కొందరు అగ్నిమాపక నిపుణులు గంటనే ముందు పెట్టమంటారు, వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కానీ ఇరవై ఏళ్ల నాటి వైరింగు మీద ఏసీ నడుపుతున్న ఇల్లు చూస్తే నాకు మనసొప్పదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944లో బొంబాయి రేవు పేలుడులో ప్రాణాలిచ్చిన సిబ్బంది జ్ఞాపకంగా. సిలిండరు మీద తడి గోనెసంచి కప్పడం, ఎర్ర డబ్బాతో నురగ చిమ్మడం చూపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. వచ్చే ఏప్రిల్‌లో ధర్మవరం మగ్గాల వీధిలో, హిందూపురం బజారులో, పెనుకొండ అద్దె ఇళ్ల దగ్గర ఒక పొగ గంటను కూడా మోగించి చూపమని శాఖవారికి మనవి. చట్టం చేసేదాకా ఆగక్కర్లేదు. చేనేత సంఘాలు టోకున కొని ఇంటికొకటి ఇచ్చినా చాలు.

గంట లేపుతుంది, బయటికి మోసుకుపోదు. మన ఇళ్లకు దొంగల భయంతో పెట్టుకున్న ఇనుప చువ్వల కిటికీలు, ముందు కటకటాల గేటు, దానికి రాత్రి పూట లోపలి తాళం, ఆ తాళంచెవి దిండు కిందో, పరుసులోనో, ఒక్కోసారి ఎవరికీ గుర్తులేని చోటో. పొగలో మూడు నిమిషాలు ఆ చెవి వెతకడానికే సరిపోతాయి. పడక గది కిటికీ ఒక్కదానికైనా లోపలినుంచి తెరుచుకునే గడియ పెట్టించండి, వెల్డింగ్ చేసే ఏ కుర్రాడైనా పూటలో చేసిస్తాడు. తాళంచెవిని గేటు పక్కన, బయటినుంచి చెయ్యి అందని గోడకు మేకు కొట్టి, ఇంట్లో నడిచే అందరిలోకి చిన్నవాడికి అందే ఎత్తులో తగిలించండి. 101కు ఫోను చేయడం గేటు దాటి వీధిలోకి వచ్చాక.